కలపని నెత్తురు

మా అత్త పిల్లమ్మ మేక కాళ్ళ సూపు కాచిన రోజు వీధి మొదట్లోనే నాకు తెలిసిపోతుంది. డైరీలో ఊరి పాలన్నీ టెస్టు చేసి, మిషను కడిగి, తాళం వేసుకొని నేను ఇల్లు చేరేసరికి పొద్దున ఎనిమిదిన్నర అవుతుంది. మిరియాల వాసన గుమ్మం దాకా వచ్చి ఉంటుంది. సూపు మాత్రం ఉండదు. తోమాల్సిన గిన్నె ఉంటుంది.

తాగేది నా తోడికోడలు వీణ, మా మరిది శశికుమార్ భార్య. ఎనిమిదో నెల. పొద్దున సూపు, పదిగంటలకు దానిమ్మ, మధ్యాహ్నం ముద్దలోకి నెయ్యి, సాయంత్రం రెండు గుడ్లు. ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అంటారు మా పక్క. సున్నం పెట్టించుకున్న కన్ను నేను. పేరు కూడా నేత్రావతి, సరిపోయింది.

ఏడేళ్ళ కిందట నా పెద్దకూతురు కడుపులో ఉన్నప్పుడు ముసలి కాంపౌండరు ఒకాయన నా వేలు గుచ్చి, గాజు గొట్టంలో నెత్తురు వేసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, పక్కనున్న రంగుతో పోల్చి చూసి, పదకొండున్నర అన్నాడు. ఆ ఒక్క మాటతో నా బతుకు తేలిపోయింది. "నీకేమమ్మా, కాడెద్దు మాదిరి ఉండావు" అని అత్త నన్ను తొమ్మిదో నెల దాకా మల్బరీ తోటలో ఆకు కోయడానికి పంపింది. అప్పట్లో మా ఊరి మేకలకు కాళ్ళు లేవేమో.

వీణకు వచ్చిన అంకె తొమ్మిదీ పాయింట్ రెండు. మా ఊరి ఆసుపత్రి నర్సు ప్రేమ దాని వేలు గుచ్చి, ఒక చుక్క పట్టీ మీద తీసుకొని, అరచేతిలో ఇమిడే మిషనులో పెట్టి చూసింది. చూసి, మా అత్తను పక్కకు పిలిచింది. నేనూ వెళ్ళి నిలబడ్డాను, నన్నెవరూ పిలవకపోయినా.

"హిమోగ్లోబిన్ పదకొండు ఉండాల పెద్దమ్మా. ఈమెకు తొమ్మిదే ఉండాది. బంగారుపేటకు పిలుచుకొని పోయి ఐరన్ డ్రిప్పు ఎక్కించండి, నాలుగైదు సార్లు. కాన్పు కోలారు పెద్దాసుపత్రిలోనే కావాల. నెత్తురు సంచులు సిద్ధంగా పెట్టుకొని. కాన్పులో నెత్తురు పోయిందంటే ఈమె ఒంట్లో పోయేదానికి ఇంగ ఏమీ లేదు" అంది ప్రేమ.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వీణ నడిస్తే నేల అరిగిపోతుందన్నట్టు అయింది. వేపలో తీపి, అత్తలో మంచి వెతకకూడదంటారు. మా అత్తలో మంచి బోలెడంత ఉంది, నాకు ఇన్నాళ్ళూ కనబడలేదు, అంతే. సాయంత్రం పూట అత్త వీణ వెనక కూర్చొని దాని తలకు నూనె రాసి జడ వేసేది. నేను పట్టుపురుగుల షెడ్డులో ఆకు వేస్తూ కిటికీలోంచి చూసేదాన్ని. పెళ్ళయిన పదేళ్ళలో నా తల ఆమె ముట్టుకుంది ఒక్కసారే, నాకు పేలు పట్టాయేమోనని చూడటానికి. కడుపు మండిపోయేది. నెత్తురు తక్కువ అనే మాట పట్టుకొని ఇంత రాజభోగమా అనిపించేది. అసలు ఆ అంకే తప్పేమో, ఆ అరచేతి మిషను పిల్లలాటేమో అనిపించడం మొదలైంది.

మిషన్ల సంగతి నాకు తెలుసు. ఊరి డైరీలో ఆరేళ్ళుగా పాల టెస్టింగు నాదే. పైనుంచి వచ్చే వ్యానులోని మిషనుకూ మా మిషనుకూ ఫ్యాటులో ఎప్పుడూ రవ్వంత తేడా ఉంటుంది. ఏది నిజమని పాలు పోసే ఓబలప్ప లాంటివాళ్ళు గొడవకు దిగితే, నేను ఒకే పాలను బాగా కలిపి రెండింట్లోనూ పోసి చూపిస్తాను. అందుకే ఒకరోజు భోజనాల దగ్గర, ఎంతో ఆపేక్ష ఉన్నదానిలా, "వీణను కేజీయఫ్ కు పిలుచుకొని పోయి పెద్ద మిషనులో చూపిస్తాను అత్తా. ఒక మిషను మాట నమ్మేదానికి లేదు" అన్నాను. అత్త నన్ను మెచ్చుకుంది. "పెద్దదానికి బుద్ధొచ్చినాది" అంది శశికుమార్ తో. నా మనసులో ఉన్నది వేరు. పెద్ద మిషను పదకొండో పన్నెండో చూపించాలి, ఆ కాగితం తెచ్చి అత్త ముందు పరచాలి, సూపు గిన్నె ఆ పూటే అటకెక్కాలి.

కేజీయఫ్ లోని రాబర్ట్‌సన్‌పేటలో పెద్ద మిషను ఉన్న ల్యాబు చిన్న గది. నడిపేది రోనాల్డ్ అనే ముప్పై ఏళ్ళ అబ్బాయి. తాత, తండ్రి బంగారు గనిలో పనిచేసినవాళ్ళు. చెయ్యి తేలిక, వీణ అమ్మా అనకుండానే నరంలోంచి నెత్తురు తీసి, ఊదారంగు మూత ట్యూబులో పోసి స్టాండులో పెట్టాడు. అంతలో కరెంటు పోయింది.

కూర్చున్నాం. ఇంకో నలుగురు వచ్చి కూర్చున్నారు. ఊరికే ఉండలేక అడిగాను.

"ఏమప్పా, మా ఊర్లో వేలు గుచ్చి చూస్తే తొమ్మిది వచ్చినాది. మిషను మారితే అంకె మారుతుందా?"

"మారుతుందక్కా. వేలి నెత్తురు వేరే, నరం నెత్తురు వేరే. వేలిని గట్టిగా పిండినారనుకో, ఒంట్లో నీళ్ళు కలిసి తక్కువ చూపిస్తుంది. పట్టీ మీద చుక్క చాలకపోయినా తప్పు చూపిస్తుంది. మిషనుకూ మిషనుకూ కూడా అర పాయింటు, ఒక పాయింటు తేడా మామూలే. దానికి భయపడకూడదు."

ముప్పావుగంట తరవాత కరెంటు వచ్చింది. అప్పటికి గదిలో గలాటా మొదలైంది. ఒకాయనకు బస్సు టైమవుతోంది, ఒకావిడకు ఫోను మీద ఫోను. రోనాల్డ్ భుజానికి ఫోను అదిమిపెట్టుకొని ఎవరితోనో మాట్లాడుతూనే మిషను ఆన్ చేసి, వీణ ట్యూబు మూత తీసి, సూది గొట్టం కింద పెట్టాడు.

నేను ఆ ట్యూబును చూశాను. పైన వేలి కణుపంత మేర పసుపుపచ్చటి నీళ్ళు తేరుకొని ఉన్నాయి. ఎరుపంతా కిందికి దిగిపోయింది. పాలు కదలకుండా నిలబడితే మీగడ పైకి వస్తుంది. నెత్తురులో మీగడ కిందికి దిగుతుంది, అంతే తేడా. మిషను సూది అడుగు దాకా వెళ్ళి చిక్కటిదాన్ని పీల్చుకుంది. ట్యూబును నాలుగుసార్లు తిరగేసి కలపాలన్న సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కలపని క్యానులోంచి శాంపిలు తీస్తే ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ తాలూకాలో లేరు.

నోరు తెరిచాను. తెరిచి, మూసుకున్నాను. పెద్ద అంకె వస్తుందని నాకు తెలిసిపోయింది.

పన్నెండు పాయింట్ ఒకటి.

"చూడక్కా, అక్కడ వేలు పిండినట్టుండారు" అన్నాడు రోనాల్డ్, కాగితం అందిస్తూ. ఒక పాయింటు తేడా మామూలని చెప్పినవాడు మూడు పాయింట్ల తేడా చూసి ఆగలేదు. ఆగమని నేను అనలేదు. తిరుగు బస్సులో వీణ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. గనిలోంచి తీసి పోసిన ఆ సైనైడ్ మట్టి దిబ్బల పక్కన బస్సు పోతున్నంతసేపూ నేను బ్యాగులోని కాగితాన్ని వేళ్ళతో తడుముకుంటూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చి అత్త ముందు పెట్టాను. "పన్నెండు అత్తా. నెత్తురు తక్కువా లేదు, పాడూ లేదు."

అత్త ఆ కాగితాన్ని కళ్ళకు అద్దుకుంది. తరవాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె సూపు మానలేదు. రోజుకు రెండుసార్లు చేసింది. "నా చేతి సూపుతోనే తొమ్మిది పన్నెండయింది" అని వీధంతా చెప్పుకొచ్చింది. మానింది, ఆ వారమే మొదలుపెట్టాల్సిన డ్రిప్పు. "పెద్ద మిషనే చెప్పినాది కదా, ఇంగ సూదులేంటికి వీణకు? కోలారూ వద్దు, గీలారూ వద్దు. దగ్గరుండే చిన్న ఆసుపత్రిలోనే కాన్పు చేయించుకుందాం" అని తేల్చేసింది. ప్రేమ నర్సు ఇంటికి వచ్చి ఇంకోసారి చూపించమని మొత్తుకుంటే, ఆమె మొహాన పన్నెండు కాగితం ఆడించి పంపించింది. శశికుమార్ కోలారు వెళ్ళడానికి మాట్లాడుకున్న వ్యాను కూడా వద్దనేశాడు.

అంటే నేను ఆపాలనుకున్నది ఆగలేదు. ఆగకూడనిది ఆగింది.

పది రోజులు గడిచాయి, నెలలు నిండుతున్నాయి. వీణ మేడ మీద బట్టలు ఆరేసి దిగేటప్పుడు మధ్యలో మెట్టు మీద కూర్చుండిపోయేది. దాని పెదవులు తెల్లబడ్డాయి. బియ్యం డబ్బాలోంచి పచ్చి బియ్యం గుప్పెట్లతో నమలడం రెండుసార్లు చూశాను. మొదటిసారి చూసినప్పుడు, దొంగతిండి, అత్తకు చెప్పాలి అనుకున్నాను. నా బుద్ధి ఎంత పాడైపోయిందో చూడండి. కడుపుతో ఉన్న మనిషి నెత్తురు చాలక పచ్చి బియ్యం తింటుంటే నాకు తోచింది అదీ.

ఆ మర్నాడు పొద్దున డైరీలో ఓబలప్ప వచ్చాడు. అతని క్యాను ఎప్పటినుంచో వరసలో నిలబడి ఉంది. నేను గరిటె ముంచి కలపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కలపొద్దమ్మా. ఒక దపా పైనుంచే తీసుకో. ఫ్యాటు బాగా వస్తుంది. నీకేమి పోతుంది?"

"నాకు తెలిసీ కళ్ళు మూసుకోవాల్నా? తప్పుడు అంకె రాసేదానికా నేను ఇక్కడ కూర్చొనుండేది?" అన్నాను. గొంతు పెద్దగానే లేచింది. వరసలో ఉన్నవాళ్ళంతా చూశారు. ఓబలప్ప గమ్మున చెయ్యి తీశాడు. నేను మాత్రం గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో "టెస్టు చేయమ్మా, పొద్దెక్కుతా ఉండాది" అనేదాకా కదల్లేదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్త షెడ్డులో పురుగులకు ఆకు వేస్తోంది. వీణ గడప మీద కూర్చొని కొమ్మల నుంచి ఆకు దూస్తోంది.

"అత్తా, వీణ నెత్తురు ఇంకోసారి చూపించాల. ఆ పన్నెండు తప్పు" అన్నాను.

అత్త తల ఎత్తలేదు. "ఎవురు చెప్పినారు తప్పని?"

"నేను చెప్తా ఉండా."

"నువ్వేమి డాక్టరువా? పాలల్లో నీళ్ళు చూసేదానివి." ఆకు తట్ట కింద పెట్టి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నీ కడుపుమంట నాకు తెలీదనుకున్నావా మే? ఇన్ని దినాలూ చూస్తానే ఉండా. నేను దాని తల దువ్వితే నీ కండ్లలో నిప్పులు. గుడ్డు పెడితే నిప్పులు. ఇప్పుడు దానికి పన్నెండు వచ్చినాదని ఓర్చుకోలేకపోతా ఉండావు. దాన్ని తొమ్మిదిలోనే పడేసేదాకా నీకు నిద్ర రాదు."

ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, చివరి మాట తప్ప. నా అసూయ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే నేను నిజం చెప్పినా అది అసూయలాగే వినబడుతుంది. ఆ నిజాన్ని నమ్మించడానికి నా దగ్గర మిగిలిన దారి ఒక్కటే.

"ఔను అత్తా, ఓర్చుకోలేకనే పిలుచుకొని పోయినాను. పెద్ద అంకె రావాలని మొక్కుకుంటా పోయినాను. నువ్వు దానికి చేసేదంతా నిలిచిపోవాలని పోయినాను. ఆ పొద్దు కరెంటు పోయినాది. ట్యూబు ముప్పావుగంట నిలబడినాది. పైన పచ్చ నీళ్ళు, కింద ఎర్రది. ఆ పిల్లోడు కలపకుండా పెట్టినాడు. అడుగున చిక్కగా ఉండేదాన్ని మిషను తాగినాది. అంతా నా కండ్లతో చూసినా. తప్పు అంకె వస్తుందని తెలుసు. కలపప్పా అని ఒక్క మాట అనింటే అయిపోయేది. నేను అనలేదు. దీని మీద ఏడుపుతో అనలేదు."

వీణ చేతిలో కొమ్మ అలాగే ఉంది. అత్త నన్ను చూసి, "నువ్వు మనిషివేనా నేత్రా" అంది. గట్టిగా కూడా అనలేదు. తరవాత కొంగుతో చేతులు తుడుచుకొని, బయటికి వెళ్ళి శశికుమార్ కు ఫోను చేసింది.

మధ్యాహ్నానికి ముగ్గురం అదే ల్యాబులో ఉన్నాం. అత్త నాకూ వీణకూ మధ్య కూర్చుంది. నేను రోనాల్డ్ తో, "ఆ పొద్దు నువ్వు ట్యూబు కలపలేదప్పా. నేను చూసి కూడా చెప్పలేదు" అన్నాను. అతని మొహం మాడిపోయింది. మళ్ళీ నెత్తురు తీసి, ట్యూబును మెల్లగా అటూ ఇటూ తిరగేశాడు, ఒకటి, రెండు, మూడు, పది దాకా పెదవులతో లెక్కపెడుతూ. పెద్ద మిషను ఎనిమిదీ పాయింట్ మూడు చూపించింది. అతను అక్కడితో ఆగలేదు. అదే ట్యూబులోంచి ఒక చుక్క తీసి, మూలనున్న చిన్న మిషనులోనూ పెట్టాడు. ఎనిమిదిన్నర.

"రెండు మిషన్లకూ తేడా ఇంతేనక్కా ఉండాల్సింది. మూడు పాయింట్లు వచ్చినప్పుడే నేను నిలిచి చూడాల్సింది. తప్పయిపోయింది" అన్నాడు. తొమ్మిది కూడా లేదు. ప్రేమ నర్సు చూసినప్పటికంటే ఇంకా దిగింది.

అక్కడినుంచి ఇంటికి రాలేదు, నేరుగా కోలారు. డాక్టరమ్మ కాగితాలు చూసి, ఐరన్ డ్రిప్పుకు ఇంక వ్యవధి లేదని, ఆ సాయంత్రమే మొదటి నెత్తురు సంచి తగిలించింది. ఇంకో రెండు రోజులు ఆలస్యంగా వచ్చి నొప్పులు మొదలై ఉంటే ఏమయ్యేదో మా అత్తకు కన్నడంలో చెప్పింది. అత్త వింటూ వింటూ నేల మీద కూలబడింది. ఆ తరవాత మూడు రోజులు ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మంచం పక్కన కూర్చొని వీణకు ముద్ద కలిపి పెట్టేది. నిజం చెప్తున్నాను, అంత జరిగాక కూడా ఆ చెయ్యి వీణ నోటి దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ నా లోపల ఎక్కడో చురుక్కుమనేది. అంత తొందరగా పోయే జబ్బు కాదది.

మూడో రోజు అత్త స్నానానికి వెళ్ళినప్పుడు వార్డులో నేనూ వీణా మిగిలాం. రెండో సంచి ఎక్కుతోంది. దాని కాళ్ళ దగ్గర కూర్చొని దుప్పటి సర్దుతున్నాను.

"ఆ పొద్దు ట్యూబు మీద పచ్చ నీళ్ళు నేనూ చూసినానక్కా" అంది వీణ.

నేను దుప్పటి వదిలేసి దాని మొహం చూశాను.

"చూసి భయమేసినాది. ఇదేందబ్బా ఇట్ల ఉండాది అనుకున్నా. నీ మొగం చూసినా. డైరీలో నువ్వు రవ్వంత తప్పును కూడా వదలవు కదా. అక్క ఏమీ అనలేదంటే అంతా సరిగ్గానే ఉండాది అనుకొని, బస్సులో నిమ్మళంగా నిద్రపోయినా."

తిట్టి ఉంటే బాగుండేది. రెండు చెంపలూ వాయించి ఉంటే ఇంకా బాగుండేది. వీణ మాత్రం మామూలుగా చెప్పి కళ్ళు మూసుకుంది. నేను దాని కాలు పట్టుకొని ఏడ్చాను, అత్త వచ్చే అలికిడి అయ్యేదాకా.

మర్నాడు తెల్లవారాక నొప్పులు వచ్చాయి. కాన్పు గది తలుపు దగ్గర ఆయమ్మ అడ్డంగా నిలబడి, "లోపలికి ఒకరే. ఎవురు వచ్చేది?" అంది. అత్త అప్పటికే చెప్పులు విడిచి, కొంగు నడుముకు బిగించి ముందుకు వచ్చింది. నేను గోడకు ఆనుకున్నాను. అది ఆమె చోటే, నాకు అనుమానం లేదు.

"అక్క రానీ" అంది వీణ, స్ట్రెచర్ మీదనుంచి.

"నేనుండా కదమ్మా" అంది అత్త.

"అక్క రానీ అత్తా. ఇంగ అక్క ఏం చూసినా నోరు మూసుకోదు."

ఆయమ్మ నన్ను చెయ్యి ఊపి పిలిచింది. అత్త కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. ఆమె వీణ వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలియనిది కాదు. ఇన్నాళ్ళూ షెడ్డు కిటికీలోంచి నేను చూసిన చూపు అదే. ఆమె విడిచిన చెప్పుల పక్కనే నా చెప్పులు విడిచి, వీణ చెయ్యి పట్టుకొని లోపలికి నడిచాను.